వానాకాలంలో ఇంటి పుస్తకాలు: చెమ్మ, పురుగు, చెద, అరువు

పుస్తకాలకు పురుగు పట్టిందనగానే చాలామంది చేసే మొదటి పని కలరా ఉండలు కొనుక్కొచ్చి బీరువా మూలల్లో పడేయడం. కానీ పురుగుకు దారి చూపించేది చెమ్మ. కాగితం గాలిలో తేమ పీల్చుకుని మెత్తబడుతుంది, దాని మీద బూజు మొదలవుతుంది, ఆ బూజునీ అట్టలో ఉన్న జిగురునీ తినడానికి పురుగులు చేరతాయి. గాలిలో తేమ 60 శాతం లోపు ఉన్నంతకాలం బూజు దాదాపు రాదు. 70 దాటి రోజుల తరబడి అలాగే నిలిచిపోతే వస్తుంది. మచిలీపట్నం, కాకినాడ, విశాఖ లాంటి ఊళ్లలో వానాకాలం పొద్దుటిపూట 80 దాటడం మామూలే. అందుకని మందులకు పెట్టే డబ్బుతో ముందు తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు కొనండి. కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. దాన్ని గది మధ్యలో టేబుల్ మీద పెడితే లాభం లేదు. అరలో, పుస్తకాల వెనక పెట్టండి. గాలి ఆడని ఆ చోట గదిలో కంటే చాలాసార్లు ఎక్కువే చూపిస్తుంది, పుస్తకం బతికేది ఆ గాలిలోనే.

అర ఎక్కడ పెట్టాలి

బాత్రూం గోడను ఆనుకుని పెట్టకూడదు. మేడ మీద నీళ్ల ట్యాంకు కింద ఉన్న గోడకూ పెట్టకూడదు. బయట వాన జల్లు నేరుగా కొట్టే గోడకు పెట్టక తప్పకపోతే గోడకీ అరకీ మధ్య మూడంగుళాలు వదలండి. గోడలోకే కట్టిన గూళ్లు చూడ్డానికి బాగుంటాయి, కానీ పుస్తకం వెన్ను నేరుగా సున్నం గోడకు తగిలి చెమ్మ లాగేస్తుంది. అలాంటి గూటిలో వెనక వైపు అంగుళం మందం చెక్క పట్టీలు రెండు అడ్డంగా బిగిస్తే పుస్తకాలు గోడకు తగలకుండా ఆగుతాయి. అన్నిటికంటే కింది అర నేలకు ఆరంగుళాలైనా ఎత్తులో ఉండాలి. ఇల్లు తడిగుడ్డ పెట్టేటప్పుడు చిందే నీళ్లూ, నేలలోంచి వచ్చే చెదలూ ముందు చేరేది అక్కడికే.

అరలో పుస్తకాలు వేలు పెట్టి లాగితే సులువుగా వచ్చేంత వదులుగా ఉండాలి. కుక్కి పెడితే తీసేటప్పుడు వెన్ను పైకొస పట్టుకుని లాగుతారు, అట్ట ఊడేది అప్పుడే. రెండు పక్కల పుస్తకాలను కాస్త వెనక్కి నెట్టి, మధ్య పుస్తకాన్ని నడుం దగ్గర పట్టుకుని తీయాలి. మరీ వదులుగా ఉన్నా కష్టమే, పుస్తకాలు పక్కకు ఒరిగి ఆకారం పోతుంది. తెలుగు పుస్తకాలు ఎక్కువగా క్రౌన్ 1/8, డెమీ 1/8 సైజుల్లో వస్తాయి కాబట్టి అరకూ అరకూ మధ్య పదంగుళాల ఎత్తు చాలు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే మూడడుగులకు మించి పొడవు పెట్టొద్దు. బరువైన పుస్తకాలు అడుగు పొడవుకు పది కిలోల దాకా తూగుతాయి, నాలుగడుగుల పలక రెండేళ్లలో మధ్యలో కుంగుతుంది.

ఇనుప బీరువా చెదకు అడ్డమే కానీ చెమ్మకు కాదు. గట్టిగా మూసి నెలల తరబడి తీయకపోతే లోపలి గాలి నిలవయిపోయి ముక్కిపోయిన వాసన వస్తుంది. వారానికోసారి ఎండగా ఉన్న మధ్యాహ్నం తలుపులు తీసి, ఎదురుగా ఫ్యాను పెట్టి గంటసేపు వదిలేయండి. వాన పడుతున్నప్పుడు మాత్రం తీయొద్దు, బయటి తడిగాలి లోపలికి పోతుంది. అటక మీద అట్టపెట్టెల్లో పెట్టడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. వేసవిలో స్లాబ్ వేడికి కాగితం పెళుసెక్కుతుంది, వానల్లో స్లాబ్ చెమ్మ దిగుతుంది, అట్టపెట్టె చెదకు మొదటి ముద్ద అవుతుంది. స్థలం లేక అటకే గతి అయితే మూత గట్టిగా పడే ప్లాస్టిక్ పెట్టెలు వాడండి. 40 లీటర్ల పెట్టెకు 200 గ్రాముల సిలికా జెల్ గుడ్డ సంచుల్లో పోసి పెట్టాలి. నారింజ రంగు గింజలు కొనండి. తేమ నిండాక అవి ఆకుపచ్చగా మారతాయి. అప్పుడు వంటకు వాడని మూకుడులో సన్నని సెగ మీద కదుపుతూ మళ్లీ నారింజ రంగు వచ్చేదాకా వేడి చేసి, చల్లార్చి వాడుకోవచ్చు. సిలికా బదులు బియ్యం మూటలు పెట్టే అలవాటు మానుకోవాలి, వాటితో పాటు బియ్యం పురుగు వస్తుంది. ఇంకో మాట: చెమ్మగా ఉన్న పుస్తకాన్ని ఇలాంటి పెట్టెలో పెట్టి మూస్తే లోపల బూజు తోట పెంచినట్టే. ముందు ఆరబెట్టి, ఆ తర్వాతే మూత వేయాలి.

ఏది తిన్నదో గుర్తుపట్టడం

మందు మాట తర్వాత, ముందు పుటను వెలుతురులో పెట్టి చూడండి. అట్ట మీద నున్నటి పూత గీకినట్టు పోయి, అక్షరాలు సగం సగం అరిగి, అంచులు గజిబిజిగా పల్చబడి ఉంటే అది వెండిరంగు పురుగు పని. సెంటీమీటరు పొడవు, చేప ఆకారం, దీపం వేయగానే సర్రున జారిపోతుంది. కాగితానికి రంధ్రం పెట్టడం కంటే పైపొరను మేయడమే దీనికి ఎక్కువ ఇష్టం, గంజి జిగురంటే మరీనూ. గుండుసూది తలంత గుండ్రటి కన్నం అట్ట దగ్గర మొదలై నలభై యాభై పుటలు నేరుగా తొలుచుకుంటూ పోయి, పుస్తకం దులిపితే సన్నని పొడి రాలితే అది పెంకుపురుగు పిల్ల. తల్లి పురుగు పుస్తకం వెన్ను దగ్గర గుడ్డు పెడుతుంది, పిల్ల లోపల తింటూ పెరుగుతుంది, మనకు కనపడేసరికి పుస్తకం జల్లెడ అవుతుంది. పుటల మధ్య ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి జీవాలు పరిగెడితే కంగారు వద్దు. అవి కాగితాన్ని పెద్దగా పాడుచేయవు, కంటికి కనపడని బూజును తింటాయి. కాకపోతే అవి ఉన్నాయంటే అక్కడ చెమ్మ ఉన్నట్టు లెక్క. గాలి ఆడేలా చేస్తే వాటంతట అవే పోతాయి.

చెద సంగతి వేరు. పుస్తకం వెన్ను చూస్తే శుభ్రంగా ఉంటుంది, పేరు చదవొచ్చు. చేతిలోకి తీసుకుంటే బరువుండదు. తెరిస్తే లోపల పుటల బదులు తడి మట్టి, తెల్లటి చెదలు. గోడ మీద, తలుపు చట్రం పక్కన, అర కాళ్ల మీద పెన్సిలంత మట్టి గొట్టాలు పాకుతున్నాయేమో నెలకోసారి టార్చి వేసి చూడండి. కనిపిస్తే గొట్టాన్ని తుడిచేసి ఊరుకుంటే పక్కనుంచి మళ్లీ కడతాయి. పుట్ట నేలలో ఉంటుంది. నేలా గోడా కలిసే చోట కన్నాలు వేసి మందు ఎక్కించాల్సిందే, అది చెదల మందు కొట్టేవాళ్లతో చేయించుకునే పని. పుస్తకాల మీద మాత్రం ఏ మందూ కొట్టనివ్వొద్దు. ఆ పుట ముట్టుకున్న వేళ్లతోనే అన్నం తింటాం, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. మందు కొట్టేముందు పుస్తకాలు వేరే గదిలోకి మార్చండి.

కలరా ఉండలు చెదను ఆపవు, వెండిరంగు పురుగును చంపవు. వాటి ఆవిరి మూసిన పెట్టెలో కొంత పనిచేస్తుందేమో కానీ, పడుకునే గదిలో, ముఖ్యంగా పసిబిడ్డలున్న ఇంట్లో పెట్టకూడదు. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించిన పిల్లల్లో ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది. వేపాకు, వస కొమ్ము మన తాళపత్రాల కాలం నుంచీ ఉన్నవే. అవి పురుగును చంపవు, కొంత దూరం పెడతాయి అంతే. వేపాకు వాడితే నీడలో నాలుగైదు రోజులు ఎండి, నలిపితే పొడి అయ్యేదాకా ఆగండి. పచ్చి ఆకు పెడితే దాని తడే బూజుకు బీజం. పుటల మధ్య పెట్టొద్దు, గోధుమరంగు మరక దిగి ఎప్పటికీ పోదు. పల్చటి గుడ్డలో మూటకట్టి వెనక పెట్టి, రెండు మూడు నెలలకోసారి మార్చండి. పిల్లలు పుస్తకంలో దాచుకునే నెమలీక కూడా కవరులో పెట్టి దాచుకోవడం మంచిది. ఈకలను తినే పురుగులు ఉన్నాయి.

పురుగును చంపడానికి ఇంట్లో అందరి దగ్గరా ఉన్న మంచి సాధనం ఫ్రిజ్‌లో ఫ్రీజర్. పుస్తకం పొడిగా ఉండాలి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గాలంతా నొక్కి తీసేసి, మూతిని టేపుతో మూసి, పైన ఇంకో కవరు తొడగండి. మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి. మధ్యలో కరెంటు చాలాసేపు పోయి ఐసు కరిగితే లెక్క మళ్లీ మొదటి నుంచి. బయటికి తీశాక ఇరవైనాలుగు గంటలు కవరు విప్పకూడదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. చల్లటి పుస్తకం మీద గదిలోని తేమ నీళ్లుగా దిగుతుంది, కవరు ఉంటే ఆ నీళ్లు కవరు మీదే ఆగుతాయి. ఆబిడ్స్ ఆదివారం సంతలోనో, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలోనో కొన్న ప్రతి పుస్తకాన్నీ ఇంట్లో అరలో చేర్చేముందు ఇలా ఓసారి ఫ్రీజర్‌లో పెట్టడం మంచి అలవాటు. ఫ్రీజర్‌లో చోటు లేకపోతే కవర్లో మూసి రెండు మూడు వారాలు విడిగా ఉంచి, కవరు అడుగున పొడి రాలిందేమో చూడండి.

బూజు పట్టిన పుస్తకం

తడిగుడ్డతో తుడవడం అందరూ చేసే పొరపాటు. తడి తగిలితే బూజు కాగితం నారలోకి దిగిపోతుంది. ముందు పుస్తకాన్ని వసారాలో నీడన, ఫ్యాను గాలికి, పుటలు విసనకర్రలా విచ్చుకునేట్టు నిలబెట్టి పూర్తిగా ఆరనివ్వండి. బూజు ఆరితే పొడిలా మారుతుంది. ఎన్95 మాస్కు పెట్టుకుని, ఆరుబయట గాలి మీ వెనక నుంచి వీచేలా నిలబడి, రెండంగుళాల మెత్తటి పెయింటు బ్రష్షుతో వెన్ను వైపు నుంచి అంచు వైపుకు దులపండి. ఎదురు దులిపితే పొడి కుట్టులోకి చేరి అక్కడే ఉండిపోతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పని పెట్టుకోవద్దు. ఎర్రటి ఎండలో పెట్టేస్తే బూజు చచ్చిపోతుందని అనుకుంటారు. ఆ ఎండకే కాగితం పసుపెక్కి, అట్ట వంకర తిరుగుతుంది. బూజు పోయినా ముక్కిపోయిన వాసన వదలకపోతే, పుస్తకాన్నీ గిన్నెలో వంటసోడానీ పక్కపక్కన ఒక పెట్టెలో మూసి పది రోజులు ఉంచండి. సోడా పుటల మీద చల్లొద్దు.

ఏడాదికోసారి అరలన్నీ ఖాళీ చేసి దులపడానికి తెలంగాణలో దసరా తర్వాతి రోజులు సరిగ్గా సరిపోతాయి, అప్పటికి వానలు వెనక్కి తగ్గుతాయి. నెల్లూరు, చిత్తూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు అప్పుడే మొదలవుతాయి కాబట్టి అక్కడ సంక్రాంతి దాటాక పెట్టుకోవాలి. సరస్వతీ పూజలో పుస్తకాలకు పసుపు, కుంకుమ పెట్టేవాళ్లు పైన వేసిన అట్ట మీద పెట్టండి. లోపలి పుట మీద పడ్డ కుంకుమ చెమ్మ తగిలితే పది పుటలకు పాకుతుంది.

నీళ్లలో నానిన పుస్తకం

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్లలోకి నీళ్లొచ్చినట్టు వస్తే మొదటి రెండు రోజులే కీలకం. 48 గంటల్లో బూజు మొదలవుతుంది, మన ఉక్కపోతకు ఒక్కోసారి అంతకంటే ముందే. నీళ్లు కారుతున్న పుస్తకాన్ని తెరవొద్దు, తడి కాగితం చెయ్యి తగిలితేనే చిరుగుతుంది. బురద అంటుకుంటే పుస్తకాన్ని రెండు చేతులతో గట్టిగా మూసి పట్టుకుని బకెట్లో మంచినీళ్లలో ముంచి కడగండి. పిండొద్దు. రెండు తువ్వాళ్ల మధ్య పెట్టి అరచేతులతో మెల్లగా అదిమి, పాత తువ్వాలు మీద నిలబెట్టి ఫ్యాను వేయండి.

కారడం ఆగాక ప్రతి పది కాగితాలకీ ఒక తెల్లకాగితం పెట్టాలి. అచ్చు వేసిన వార్తాపత్రిక వాడితే సిరా అంటుకుంటుంది. పెట్టిన కాగితాలన్నీ కలిపి పుస్తకం మందంలో మూడోవంతుకు మించితే వెన్ను విచ్చుకుపోతుంది. మొదటి రోజు రెండు మూడు గంటలకోసారి మార్చండి. పుట మీద చెంప ఆనిస్తే చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే. ఆ చల్లదనం దాదాపు పోయాక పుస్తకాన్ని పడుకోబెట్టి, పైన చదును చెక్క, దాని మీద నాలుగైదు కిలోల బరువు పెట్టి వారం ఉంచాలి. పూర్తిగా ఎండిపోయాక బరువు పెడితే పుటల అలలు చదును కావు. ఇస్త్రీ పెట్టె, హెయిర్ డ్రయ్యర్ దగ్గరికి రానివ్వొద్దు. అంచులు ముందు ఎండి, లోపలి పొర తడిగా మిగిలి పుస్తకం గిన్నెలా వంగుతుంది.

బొమ్మల పుస్తకాలు, ఆర్టు పేపరు మీద అచ్చయినవి వేరే దారి. ఆ కాగితం మీది పూత తడిసి ఆరితే జిగురులా పట్టేస్తుంది, అది ఇక ఇటుక. తడిగా ఉండగానే ప్రతి కాగితానికీ మధ్య బటర్ పేపర్ పెట్టాలి, లేదా వెంటనే కవర్లో పెట్టి ఫ్రీజర్‌లోకి తోయాలి. ఫ్రీజర్ పుస్తకాన్ని ఆరబెట్టదు, మీకు వ్యవధి ఇస్తుంది. నానినవి ముప్పై ఉండి చేతులు రెండే ఉన్నప్పుడు ఆ వ్యవధే వాటిని కాపాడుతుంది.

అతుకులు, బైండింగు

చిరిగిన పుటకు సెల్లోటేపు వేయొద్దు. నాలుగైదేళ్లలో ప్లాస్టిక్ ఊడిపోతుంది, జిగురు మాత్రం గోధుమరంగు చారగా మిగిలి పక్క పుటను అంటుకుంటుంది. ఒక చెంచా మైదాను ఐదు చెంచాల నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, సన్నటి సెగ మీద పది నిమిషాలు తిప్పుతూ, తెల్లదనం పోయి కాస్త పారదర్శకంగా వచ్చేదాకా ఉడికించండి. పల్చటి గుడ్డలో వడకట్టండి. పల్చటి గట్టి టిష్యూ కాగితం నుంచి సెంటీమీటరు వెడల్పు పట్టీ చేత్తో చింపండి. కత్తెరతో కోస్తే అంచు గీతలా కనపడుతుంది, చింపితే నారలు పుటలో కలిసిపోతాయి. పలుచగా జిగురు రాసి, అతికించి, పైనా కిందా బటర్ పేపర్ పెట్టి బరువు కింద రాత్రంతా ఉంచండి. ఈ జిగురు ఫ్రిజ్‌లో మూడు రోజులు నిలవుంటుంది, పులిసిన వాసన వస్తే పారేయండి. బైండర్లు ఇందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, ఇంట్లో కలపొద్దు.

పుస్తకం బైండింగుకు ఇచ్చేటప్పుడు నోరు తెరిచి చెప్పాల్సినవి రెండు. అంచులు కట్టింగ్ చేయొద్దని, ఫారాలు, అంటే మడిచి కుట్టిన పుటల కట్టలు, విడిపోకుండా ఉంటే పక్క నుంచి పొడిచి కుట్టొద్దని. పాత పుస్తకాల్లో మార్జిన్ తక్కువ. పక్క కుట్టు వేస్తే మధ్యలో అక్షరాలు కుట్టులోకి వెళ్లిపోతాయి, కట్టింగ్ పడితే రెండో వైపు పుట సంఖ్యలు ఎగిరిపోతాయి. పాత అట్టను పారేయకుండా లోపల అతికించమని కూడా చెప్పండి. బొమ్మ వేసిన చిత్రకారుడి పేరు, వెల, ముద్రణ వివరాలు చాలాసార్లు అట్ట మీదో దాని లోపలో ఉంటాయి.

వారపత్రికల్లోంచి సీరియళ్లు చింపి కుట్టించుకున్న కట్టలు మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. వాటి కాగితం న్యూస్‌ప్రింట్, చెక్కగుజ్జులో కాగితాన్ని పసుపెక్కించే లిగ్నిన్ అనే పదార్థం అలాగే ఉండిపోయిన రకం. పసుపెక్కి పెళుసెక్కడం ఆగదు, వెలుతురు తగలకుండా ఉంచి నెమ్మదింపజేయడమే మన చేతిలో ఉంది. ముందు పిన్నులు తీయాలి. తుప్పు పట్టిన పిన్ను చుట్టూ కాగితం కాలినట్టు నల్లబడి రంధ్రం పడుతుంది. పల్చటి కత్తిమొనతో పిన్ను కాళ్లు విప్పి, వెనక నుంచి తీసి, అవే కన్నాల్లోంచి నూలుదారం వేయండి. రబ్బరు బ్యాండు వేయొద్దు, వేసవికి కరిగి అతుక్కుంటుంది. ఆ కట్ట ఇంకా విరగకముందే ప్రతి పుటనీ ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, ఫోను పుటకు సమాంతరంగా పట్టుకుంటే చాలు. ఆ ఫొటోలు అందరికీ పంచాలనుకుంటే రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు కాపీరైటు ఉంటుందని గుర్తుంచుకోండి.

అరువు

ఎవరూ కావాలని ఎగ్గొట్టరు. ఎవరిదో మర్చిపోతారు, ఇచ్చినవాళ్లకు అడగడానికి మొహమాటం. పుస్తకం ఇచ్చేటప్పుడు, పట్టుకున్న మనిషితో సహా ఫోనులో ఒక ఫొటో తీసుకుంటే తేదీ దానంతటదే ఉంటుంది, ఎవరికీ చిన్నతనంగా ఉండదు. పేరు మొదటి పుట మీద మాత్రమే రాస్తే ఆ పుట చిరిగితే ఆనవాలు పోతుంది. గ్రంథాలయాలు చేసినట్టు మీకు మాత్రమే తెలిసిన ఒక పుట సంఖ్య నిర్ణయించుకుని, అన్ని పుస్తకాల్లోనూ ఆ పుట అడుగున పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టండి. చదివి ఆపిన చోట గుర్తుకని సన్నటి కాగితం పట్టీ ఒకటి పెట్టి ఇవ్వండి. అది లేకపోతే పుట మూల మడుస్తారు, ఆ మడత పదిసార్లు పడితే మూల విరిగి పడిపోతుంది. నాలుకతో వేలు తడుపుకుని పుట తిప్పే అలవాటున్న పెద్దవాళ్లకు కూడా మొహమాటపడకుండా చెప్పాలి. పుస్తకం కింది మూలలన్నీ గోధుమరంగు తిరిగేది ఆ తడికే.

పుస్తకం తిరిగొచ్చాక వెంటనే అరలో పెట్టొద్దు. అది ఏ ఇంట్లో, ఏ గోడ పక్కన ఆర్నెల్లు ఉందో మనకు తెలియదు. దులిపి, వెన్ను దగ్గర కన్నాలున్నాయేమో చూసి, పాత పుస్తకాల కొట్లో కొన్నదానిలాగే కవర్లో మూసి రెండు మూడు వారాలు పక్కన ఉంచండి. కవరు అడుగున పొడి కనిపిస్తే ఫ్రీజర్‌లోకి, లేకపోతే అరలోకి.